గోడమీది బొమ్మలు

విశాఖపట్టణమునకు వచ్చిన యాత్రికుడు మొదట సముద్రమును చూచును. రామకృష్ణా బీచిలో నిలిచి, కుడివైపున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన యారాడ కొండను, రేవునకు వచ్చుచు పోవుచునుండు ఓడలను చూచి ముచ్చటపడును. పిదప కైలాసగిరి యెక్కి ఛాయాచిత్రములు తీసికొనును. ఇంటికి పోయి ఆ చిత్రములను బంధువులకు చూపి, “ఇదియే విశాఖపట్టణము” అని చెప్పును. అతడు చెప్పినది అబద్ధము కాదు; కాని నిజమంతయు కూడ అది కాదు.

ఆ నగరమునకు మరియొక ముఖము కలదు. అది గాజువాక చెంతనున్న ఆటోనగరు. ఒక ప్రక్క రేవు, మరియొక ప్రక్క ఉక్కు కర్మాగారము, నడుమ జాతీయ రహదారి. ఇన్నింటికిని కావలసిన చిన్న పనులు, పెద్ద పనులు ఇక్కడి షెడ్లలో జరుగుచుండును. ఒకచోట లారీకి కొయ్యతొట్టి కట్టుచుందురు. ఒకచోట లేతు యంత్రము మీద ఇనుపకడ్డీ గుండ్రముగా తిరుగుచు సన్నని చుట్టలుగా రజను విడుచుచుండును. ఒకచోట వెల్డింగు నిప్పురవ్వలు కురియుచుండును. నేల చమురుతో నల్లబడియుండును. గాలిలో డీజిలు వాసన, కాలిన ఇనుము వాసన, రంగు వాసన కలిసియుండును. ఇట్టిచోటికి కెమేరా పట్టుకొని ఎవరు వత్తురు?

ఆ వీధులలోని ఒక లేతు షెడ్డులో ఒక యువకుడు పనిచేయుచుండెను. వయస్సు ఇరువదియేండ్లు దాటలేదు. పదవ తరగతి ముగిసిన వెంటనే పనిలో చేరెను. రెండేండ్ల జీతములో కొంత కొంత మిగిల్చి, మంచి కెమేరాగల ఫోను నొకదానిని కొనుక్కొనెను. ఆదివారము తెల్లవారకమునుపే లేచి, మొదటి బస్సు పట్టుకొని, సముద్రపుటొడ్డునకు పోయి, సూర్యోదయమును ఫోటో తీయుట అతనికి అలవాటయ్యెను. ఏడాది గడచునప్పటికి అతని ఫోనులో నలువదిమంది సూర్యులు చేరిరి. అందరును ఒక్క పోలికగానే యుండిరి.

ఒకనాడు భోజనవేళ షెడ్డు మేస్త్రి ఆ చిత్రములనన్నింటిని ఓపికతో చూచి, ఫోను తిరిగి యిచ్చుచు, “బాగున్నవిరా అబ్బాయీ. కాని సముద్రమెక్కడికి పోవును? రేపును అక్కడనే యుండును. నీ వెనుకనున్న ఈ గోడ మాత్రము రేపుండునో ఉండదో!” అనెను.

యువకుడు వెనుకకు తిరిగి చూచెను. ఆ గోడకు ప్రక్కన కూర్చుండి అతడు రెండేండ్లకు పైగా అన్నము తినుచుండెను. దానిమీద ఏమున్నదో ఏనాడును చూచి యెరుగడు. మేస్త్రి సుద్దముక్కతో వ్రాసిన లెక్కలున్నవి. ఎవరో చిన్నవాడు బొగ్గుతో గీసిన మూడు నిలువు గీతలున్నవి. అవి క్రికెట్టు వికెట్లు. వాటికి పైగా, వాన కారిన చారలలో సగము చెరిగిన గేదెబొమ్మ యొకటి యున్నది. అది ఎన్నడో ఒక పశువుల దాణా వ్యాపారి వేయించిన ప్రకటన. గోడ ఒక్కటే, దానిమీద ముగ్గురు ముచ్చటించుచున్నట్లుండెను.

ఆ మరుసటి ఆదివారము అతడు సముద్రమునకు పోలేదు. షెడ్లు మూసియున్న ఆటోనగరు వీధులలో ఒంటరిగా తిరిగెను. పనిదినములలో లారీల చాటున కనబడని గోడలు ఆనాడు కనబడెను. వాటిమీద ఎన్ని బొమ్మలు! ఎన్ని వ్రాతలు! ఇనుప తలుపుల మీద దిష్టిబొమ్మల ముఖములు, నాలుకలు చాచి కోరలు చూపుచు నవ్వుచుండెను. ప్రహరీగోడ పొడవున దేవతల పటములు అతికించియుండెను. ఆ గోడను పాడుచేయకుండుటకు యజమాని పన్నిన ఉపాయమది. మరమ్మతునకు వచ్చి నిలిచిన లారీల వెనుక పలకలపై తామరపూలు, గ్రద్దలు, నెమళ్లు, యజమాని బిడ్డల పేర్లు, “హారన్ ఓకే ప్లీజ్” అను మూడు మాటలు కనబడెను.

ఈ మూడు మాటలు దేశమందలి లారీలపై మిక్కిలి తరచుగా కనబడు వ్రాత. ఇది డ్రైవర్లచేత అనవసరముగా హారను మ్రోగించుచున్నదని తలచి, మహారాష్ట్ర ప్రభుత్వము 2015లో దీనిని వాహనములపై వ్రాయరాదని నిషేధించెను. ఒక పెయింటరు కుంచెతో వ్రాసిన మూడు మాటలు ఒక ప్రభుత్వముచేత ఉత్తరువు జారీ చేయించినవన్నమాట. వీధిలోని వ్రాతకు బలము లేదని ఎవరనగలరు?

అంతకంటె బలమైన వ్రాత యొకటి ఆ యువకునికి గాజువాకలోని ఒక గోడమీద కనబడెను: “విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు.” అతడు పుట్టుటకు చాల ముందే పుట్టిన మాట యది. 1966లో విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము నెలకొల్పవలెనని కోరుచు టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. ఉద్యమము ఆంధ్రదేశమంతట వ్యాపించెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన విశాఖపట్టణమున పోలీసు కాల్పులు జరిగెను. రాష్ట్రమంతటను 32 మంది ఆ ఉద్యమములో ప్రాణములు కోల్పోయిరని చెప్పుదురు. 1971 జనవరి 20వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి. వి. నరసింహారావు దానిని జాతికి అంకితము చేసెను. కోరినది లభించిన పిమ్మట నినాదము గోడలనుండి మెల్లమెల్లగా మాసిపోయెను. 2021 జనవరిలో కర్మాగారములోని తన వాటానంతటిని విక్రయింపవలెనని కేంద్రప్రభుత్వము సూత్రప్రాయముగా నిశ్చయించినప్పుడు, అదే మాట మరల గోడలకెక్కెను.

యువకుడు దానిని ఫోటో తీసెను. ఇంటికి పోయి తాతకు చూపెను. తాత కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచి, “మా కాలమున ఇంత చక్కగా వ్రాయుటకు తీరిక ఎక్కడిది? చీకటిలో తారుతో వ్రాసి పరుగెత్తెడివారము” అనెను. తాత ఆ ఉద్యమములో ఉన్నాడన్న సంగతి మనుమనికి ఆనాడే తెలిసెను. తాత చేతివ్రాతకు మాత్రము ఫోటో లేదు. ఆ గోడయు లేదు.

గోడమీది వ్రాతలను ఫోటో తీయుట వింత పనియని ఎవరైనను తలపవచ్చును. కాని లోకమున పెద్దలైన ఛాయాగ్రాహకులు ఈ పనికై తమ జీవితములో ఏండ్లకేండ్లు వెచ్చించిరి. హంగేరీ దేశీయుడైన బ్రసాయి పారిస్ నగరమున నివసించెడివాడు. 1930 తరువాత ఆయన ఆ నగరపు పాతగోడలమీద పిల్లలును బాటసారులును గీకిన ముఖములను, హృదయముల గుర్తులను, జంతువుల బొమ్మలను వెదకి వెదకి ఫోటోలు తీసెను. జేబులో చిన్నపుస్తకముంచుకొని ఏ బొమ్మ ఏ వీధిలో నున్నదో వ్రాసికొనెడివాడు. కొన్నేండ్లు గడచిన తరువాత మరల అదేచోటికి పోయి, ఆ బొమ్మ ఎట్లు మారినదో చూచెడివాడు. 1956లో న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల ఆ చిత్రములను ప్రదర్శించెను. ఎవరును లెక్కచేయని గోడగీతలు ఆ విధముగా రాజసభ కెక్కినవి.

అదే న్యూయార్కు నగరమున హెలెన్ లెవిట్ అను యువతి 1938 ప్రాంతమున బీదల వీధులలో తిరుగుచు, పిల్లలు కాలిబాటలమీద సుద్దతో గీసిన బొమ్మలను ఫోటో తీసెను. వాన కురిసినచో ఆ బొమ్మలు ఆ సాయంకాలమునకే మాయమగును. మనదేశమున ధనుర్మాసమున ఇంటిముంగిట తీర్చిన ముగ్గు మాత్రము ఎంతసేపుండును? తెల్లవారుజామున చలిలో నడుము వంచి తల్లులు తీర్చిన ముగ్గును మధ్యాహ్నమునకే బండ్లు త్రొక్కిపోవును. మరునాడు వారు మరల తీర్చుదురు. నిలువదని తెలిసియు చేయు పనిలో ఒక గొప్పతనము కలదు. దానిని చూచి గుర్తుంచుకొనువాడొకడుండుటయు అవసరమే.

కొన్ని దశాబ్దముల తరువాత అదే నగరమున భూగర్భ రైళ్ల పెట్టెలపై యువకులు రంగులు చల్లి పెద్ద పెద్ద అక్షరములు వ్రాయసాగిరి. రైల్వేవారికి అది నేరము. వ్రాసినవారికి అది తమ పేరు. హెన్రీ చాల్ఫాంట్ అను శిల్పి ఎదుటి ప్లాటుఫారముపై నిలిచి, రైలు ఆగిన కొద్దిపాటి సమయములో ప్రక్కప్రక్కలకు జరుగుచు వరుసగా ఫోటోలు తీసి, తరువాత వాటిని అతికి రైలుపెట్టె మొత్తమును ఒక్క చిత్రముగా కూర్చెడివాడు. మార్తా కూపర్ అను ఛాయాగ్రాహకురాలు వ్రాసెడి యువకులతో స్నేహము చేసి, వారి పనిని వారి నగరముతో కూడ చిత్రించెను. వీరిద్దరి గ్రంథము 1984లో వెలువడెను. రైళ్లను కడిగివేసిరి, 1989 నాటికి ఆ వ్రాతలు రైళ్లమీద లేకపోయెను. నేడు అవి ఎట్లుండెనో తెలిసికొనవలెనన్నచో ఫోటోలే గతి.

మన తెలుగునాటను ఇట్టి మార్పు వచ్చినది. 2016లో హైదరాబాదులో ఖైరతాబాదు సమీపమునందలి మక్తా పేటలో చిత్రకారులు ఇండ్ల గోడలమీద పెద్ద పెద్ద చిత్రములు వేసిరి. ఇరుకు సందులలోని ఆ ఇండ్లను చూచుటకు కెమేరాలు పట్టుకొని జనులు రాసాగిరి. ఆ బొమ్మలు ఇంటివారి అనుమతితో వేసినవి. ఈ భేదమును మరువరాదు.

ఏలయన, గోడ కనబడినచోటనెల్ల గీయవచ్చునని ఎవరును అనుకొనరాదు. ఒకరి గోడ ఒకరి కష్టార్జితము. బహిరంగ స్థలములను వ్రాతలతోను ప్రకటనలతోను పాడుచేయరాదని మన రాష్ట్రమున 1997లోనే చట్టము చేయబడెను. ఇక ప్రాచీన కట్టడముల సంగతి చెప్పనక్కరలేదు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలు కలవు. అట్టిచోట తన పేరు చెక్కినవాడు వేయేండ్లకు పైబడిన పనితనమును ఒక్క గడియలో గాయపరచిన వాడగును. బొగ్గుతో గీసిన వికెట్లు వానకు పోవును. రాతిలో చెక్కిన పేరు పోదు. చెరిగిపోవు దానికిని, చెరపరాని గాయమునకును గల తారతమ్యము నెరుగుటయే వివేకము.

ఆ యువకుడు క్రమముగా గోడలను ఫోటో తీయు పద్ధతి నేర్చుకొనెను. ఎవరును చెప్పలేదు, గోడలే చెప్పినవి. మిట్టమధ్యాహ్నము ఎనామిల్ రంగుపై ఎండ తళుక్కుమని బొమ్మ తెల్లబోవును. మబ్బుపట్టిన దినమున రంగులు ఉన్నవి ఉన్నట్లుగా కనబడును. ఉదయము ఏటవాలుగా పడు వెలుగులో గీకిన గీతల లోతు, సున్నపు పొరల అంచు స్పష్టమగును. గోడకు ఎదురుగా నిలిచి, ఫోనును గోడతో సమానముగా పట్టుకొననిచో అక్షరములు ఒక ప్రక్కకు ఒరిగిపోవును. మొదట దూరమునుండి వీధితో కూడ నొక చిత్రము, పిదప దగ్గరనుండి ఒక చిత్రము తీయవలెను. దూరపు చిత్రము లేనిచో ఆ బొమ్మ ఎక్కడిదో తెలియదు. దగ్గరి చిత్రము లేనిచో అది ఎట్టిదో తెలియదు. మనుష్యులు ఎదుటనున్నచో వారి నడిగి తీయవలెను. నౌకాదళమువారి ప్రాంతములయందు ఫోటోలు తీయరాదని బోర్డులుండును, వాటిని మీరరాదు. ఇవన్నియు అతడు నేర్చెను. నేర్వవలసినది మరియొకటి మిగిలియుండెను.

ఆటోనగరు చివర వాడుకలో లేని షెడ్డు ఒకటి యుండెను. దాని లోపలిగోడ మొత్తము రంగుమయము. ఎరుపుపై నీలము, నీలముపై పసుపు, వాటి నడుమ సగము వ్రాసి విడిచిన అక్షరములు, ఒక కన్ను, ఒక తామరరేకు, ఒక గ్రద్ద రెక్క. ఎవరో పెద్ద చిత్రకారుడు ఊహించి వేసిన చిత్రమువలె నుండెను. ఒక వర్షాకాలపు ఉదయమున కప్పురేకుల సందులనుండి మెత్తని వెలుగు పడుచుండగా అతడు దానిని ఫోటో తీసెను. అది అతడు తీసిన చిత్రములలో ఉత్తమమైనది.

నగరములో ఒకచోట యువ ఛాయాగ్రాహకుల ప్రదర్శనము జరుగుచుండగా అతడు ఆ చిత్రమును పంపెను. వారు దానిని పెద్దదిగా అచ్చువేయించి ద్వారమునకెదురుగా తగిలించిరి. క్రింద “రంగులగోడ” అను పేరును, ఆ యువకుని పేరును వ్రాసిరి. చూచినవారందరును మెచ్చుకొనిరి. ఒక పెద్దమనిషి, “బాబూ, ఈ గోడకు రంగులు వేసినదెవరు?” అని అడిగెను. యువకుడు నవ్వి, “ఎవరును వేయలేదండీ. ఊరక ఏర్పడినది” అని బదులు చెప్పెను.

ఆ మాట అనునప్పుడు మేస్త్రి అతని వెనుకనే యుండెను. మేస్త్రి ప్రక్కన తెల్లచొక్కా ధరించిన ముసలివాడొకడు నిలిచియుండెను. అతని గోళ్ల అంచులలో ఎన్నటికిని పోని రంగు మరక లుండెను. “మన కుర్రవాని ఫోటో చూతము రమ్ము” అని మేస్త్రియే అతనిని వెంటబెట్టుకొని వచ్చెను. ముసలివాడు ముప్పదియేండ్లు ఆ షెడ్డులో లారీలకును దుకాణపు బోర్డులకును రంగులు వేసిన పెయింటరు. ఆ గోడ అతడు కుంచె తుడుచుకొనిన గోడ. కొత్త అక్షరమును బోర్డుమీద వ్రాయుటకు ముందు చేయి సరిచూచుకొనిన గోడ.

అతడు కోపపడలేదు. ఫోటో దగ్గరకు పోయి, వ్రేలితో తాకకుండ చూపుచు మెల్లగా చెప్పసాగెను. “ఈ నీలము రేవులో తిరుగు లారీలది. ఆ యజమాని ఏడు లారీలకును ఇదే రంగు కావలెనని పట్టుపట్టెను, నాలుగుసార్లు కలిపితిని. ఈ ‘శ’ చూచితిరా? ‘శ్రీ’ వ్రాయుటకు చేయి కుదుర్చుకొన్నది. తలకట్టు ఒక్క విసురున రావలెను, ఆగినచో వంకరపోవును. ఈ ఆకుపచ్చ హుద్‌హుద్ తరువాతిది. ఆ గాలికి ఊరిలో బోర్డులన్నియు ఎగిరిపోయెను గదా! రెండు నెలలు నాకు నిద్రలేదు. అంత పని మరల రాలేదు.”

హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకొనిపడినది 2014 అక్టోబరు 12వ తేదీన. ఆ తరువాత వీధులు బాగుపడునప్పటికి కొత్త బోర్డులలో పెక్కు యంత్రముపై అచ్చువేసిన ఫ్లెక్సీలుగా వచ్చినవి. లారీలపై అక్షరములను యంత్రము కత్తిరించి యిచ్చు స్టిక్కర్లుగా అతికింపసాగిరి. స్టిక్కరు గంటలో సిద్ధమగును. కుంచెపని రెండు దినములు పట్టును. కొనువానిని తప్పుపట్టుటకు వీలులేదు; అతనికి లారీ నిలిచిన ప్రతిదినమును నష్టమే. ఐనను సుద్దపొడి పూసిన దారమును లాగివిడిచి గీత కొట్టుట, ఆ గీత నంటి అంటనట్లుగా అక్షరమును నిలుపుట, అక్షరమునకు కుడిప్రక్క నీడ దిద్దుట, ఈ విద్య నేర్చుకొను శిష్యులు లేకపోయిరి. ముసలివాడు పని మానెను. షెడ్డు మూతపడెను.

ఇదంతయు విన్నపిదప యువకునకు తన ఫోటోను చూచుటకే సిగ్గు కలిగెను. ఒక మనిషి ముప్పదియేండ్ల జీవితమును తాను “ఊరక ఏర్పడినది” అనెను. అతడు అబద్ధమాడవలెనని ఆడలేదు. అడిగి తెలిసికొనలేదు, అంతే. వెలుగును చూచెను, రంగును చూచెను, గోడ కొలతను చూచెను. గోడవెనుకనున్న చేతిని చూడలేదు. సముద్రమును ఫోటో తీసినప్పుడు అడుగవలసినవారెవరును లేరు. గోడ అట్టిది కాదు. దానిమీద ప్రతి గీతకును ఒక చేయి కలదు.

మన దేశమున 1957లో చేసిన కృతిస్వామ్యపు చట్టము ఈ విషయమునే వేరొక భాషలో చెప్పుచున్నది. చిత్రము వేసినవాడు దానికి కర్త తానని చెప్పుకొనుటకు హక్కు కలవాడు; చిత్రమును అమ్మివేసినను ఆ హక్కు అతనిని విడువదు. బహిరంగస్థలమున శాశ్వతముగా నిలిపిన శిల్పమును ఎవరైనను ఫోటో తీయవచ్చునని ఆ చట్టము అనుమతించినది. కాని గోడమీది చిత్రమునకు ఆ సడలింపును పేర్కొనలేదు. కావున వీధిలోనున్నంత మాత్రమున అది ఎవరిదియు కాదనుకొనుట పొరపాటు. ఐనను చట్టము వరకు పోనక్కరలేదు. పొరుగింటి ముగ్గును చూపి “నేను వేసితిని” అని ఏ బాలికయైనను చెప్పునా? ఆ న్యాయమే ఇచ్చటను.

యువకుడు మరునాడే ప్రదర్శనశాలకు పోయి, నిర్వాహకులతో మాటలాడి, చిత్రము క్రింది చీటిని మార్పించెను. కొత్త చీటిలో మొదట ముసలివాని పేరు, అతడు పనిచేసిన ఏండ్లు, తరువాత తన పేరు వ్రాయించెను. అంతటితో ఊరకుండక, నోటుపుస్తకము నొకదానిని కొని, వరుసగా మూడు ఆదివారములు ముసలివానిని ఆ షెడ్డుకు తీసికొనిపోయెను. గోడను జానెడు జానెడుగా ఫోటో తీయుచు, ఏ రంగు ఏ పనిదో, ఏ అక్షరము ఏ బోర్డుదో అడిగి వ్రాసికొనెను. కొన్నింటిని ముసలివాడు జ్ఞప్తికి తెచ్చుకొనలేకపోయెను. అట్టిచోట యువకుడు ఏమియు కల్పింపక ఖాళీ విడిచెను.

నాలుగవ ఆదివారమున గోడ లేదు. షెడ్డును కొన్నవారు దానిని పడగొట్టి, ఇటుకలను ప్రక్కన పేర్చిరి. ఇటుకలపై అక్కడక్కడ నీలము, అక్కడక్కడ ఎరుపు మెరయుచుండెను. యువకుడు చాలసేపు నిలిచి చూచెను. ముసలివాడు మాత్రము ఒక ఇటుకను తిప్పి చూచి, దానిమీది పసుపును చూచి నవ్వి, మరల అక్కడనే పెట్టెను. “గోడ దాని పని అది చేసినదిలే నాయనా” అనెను.

ఇప్పుడా చిత్రము లేతు షెడ్డులో, మేస్త్రి బల్లకు పైగా వ్రేలాడుచున్నది. ప్రదర్శనము ముగిసిన పిమ్మట చీటి చినిగిపోగా, యువకుడు తానే అట్టముక్కపై క్రొత్తగా వ్రాసి అంటించెను. ముసలివాడొకనాడు టీ త్రాగుటకు వచ్చి దానిని చదివెను. తన పేరును చూచి ఏమియు అనలేదు. జేబులోని కలము తీసి, యువకుడు వంకరగా వ్రాసిన తలకట్టు నొకదానిని ఒక్క విసురున సరిదిద్ది, కూర్చుండి టీ త్రాగెను.

పడగొట్టిన షెడ్డు స్థానమున క్రొత్తగోడ లేచినది. దానికి తెల్లని సున్నము వేసిరి. వారము తిరుగకమునుపే ఎవరో పిల్లలు బొగ్గుతో మూడు నిలువు గీతలు గీసిరి. ఆదివారము వారు అక్కడ ఆటలో నుండగా యువకుడు ఫోను తీసికొని ఆ దారిని వచ్చెను. ఫోను పైకెత్తబోయి ఆగి, జేబులోనుండి నోటుపుస్తకమును తీసి, “తమ్ముడూ, ఈ వికెట్లు గీసినదెవరు?” అని అడిగెను.